తగ్గిందని చెప్పిన జ్వరం

ఆ వ్యాను ఎక్కడానికి నేను అబద్ధమాడాను. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు హాయి. తరవాత దానికి విశ్వాసమని, తొందరపాటని, చిన్నతనమని ఎన్ని పేర్లు పెట్టుకున్నా అది అబద్ధమే. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు నిండాయి. చిన్నతనం అని తప్పించుకోవడానికి కూడా వీల్లేని వయసు.

డెబ్బైల నాటి సంగతి ఇది. బెజవాడ పటమటలో అన్నయ్య ఇంట్లో ఉండేదాన్ని. రెండు గదులు, ఒక వంటవసారా, అన్నయ్యకి ముగ్గురు పిల్లలు. టైపు లోయరు ప్యాసయ్యాను గానీ ఉద్యోగం రాలేదు. ఉద్యోగం లేని ఆడపిల్ల ఇంట్లో ఉంటే పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఆమె కోసం ఏదో ఒక పని కాచుకుని ఉంటుంది. వదిన చెడ్డది కాదు. ఆ మాట అందరికీ చెబుతూ ఉంటాను, ఎందుకంటే ఆవిడ మీద ఒళ్ళు మండినప్పుడల్లా నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చేది. అటు గుణదల కొండ, ఇటు రైల్వే స్టేషను, ఈ రెంటి మధ్యే నా లోకం. ఆ రెండూ దాటి ఎక్కడికైనా సరే, దేనికోసమైనా సరే, వెళ్ళాలని నాకు పిచ్చి కోరికగా ఉండేది.

మా చర్చి సంఘానికి ఒక వ్యాను ఉండేది. మిషను దొరలు దేశం వదిలి వెళ్ళేటప్పుడు ఇచ్చి వెళ్ళింది. వాళ్ళ రోజుల్లో అందులో ఊరూరూ తిరిగి మందులిచ్చేవారట. లోపల అటొకటి ఇటొకటి పడుకునే బల్లలు, మధ్యలో మడిచి గోడకి ఆనించే చెక్కబల్ల, తలుపు దగ్గర రేకు పెట్టెలో కిరసనాయిలు స్టవ్వు, నీళ్ళ డబ్బా, నీళ్ళు రాని కుళాయి ఉండేవి. నెత్తిన మైకు బాకా. అందులోనే వండుకోవచ్చు, అందులోనే పడుకోవచ్చు. పిల్లలు దాన్ని ఇల్లుబండి అనేవాళ్ళు. ఏటా మాసూళ్ళయ్యాక అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, అమ్మగారిని వెంటబెట్టుకుని దాంట్లో ఇరవై రోజులు డెల్టా ఊళ్ళన్నీ తిరిగి సువార్త కూటాలు పెట్టేవారు. ఉయ్యూరు, పామర్రు, గుడివాడ, అక్కణ్ణుంచి హనుమాన్ జంక్షను, మళ్ళీ బెజవాడ. వాళ్ళతో పాటలు పాడడానికి ఒక అమ్మాయి వెళ్ళేది. ఆ ఏడు ఆ అమ్మాయికి పెళ్ళైపోయి ఒంగోలు వెళ్ళిపోయింది.

అయ్యగారు నన్ను అడిగారు. నా గొంతేం గొప్పది కాదు. నాకంటే బాగా పాడే అమ్మాయి మా సంఘంలోనే ఉంది. కానీ నాకు హార్మోనియం వచ్చు, ఆమెకి రాదు. ఆ ఒక్క కారణంతో ఇరవై రోజుల స్వేచ్ఛ నా ఒళ్ళో పడింది. ఆ వారమంతా వదిన ఏం చెప్పినా ఎదురు చెప్పకుండా చేశాను. చీరలు నాలుగు ఉతికి గంజి పెట్టుకున్నాను.

బయల్దేరడానికి ఐదు రోజుల ముందు జ్వరం వచ్చింది. మధ్యాహ్నానికి ఒళ్ళు జలదరించడం, సాయంత్రానికి కాలిపోవడం, పొద్దున్నకి కాస్త నెమ్మదించడం. తల పగిలిపోయేది. కాంపౌండరు ఇచ్చిన మాత్రలు వేసుకుంటే చెమట పట్టేది తప్ప జ్వరం దిగేది కాదు. మూడో రోజు శుక్రవారం సాయంత్రం సంఘంలో ఆడవాళ్ళు ఎనిమిది మందిని తీసుకుని అయ్యగారూ అమ్మగారూ మా ఇంటికొచ్చారు. చాపలు పరిచాం. అయ్యగారు నా నెత్తిన చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. ఆ చెయ్యి బరువుకి నా తల ఇంకా దిమ్మెక్కింది.

మావాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ప్రార్థన అయ్యాక ఎలా ఉందని అడిగితే అలాగే ఉందని అనకూడదు. అలా అంటే ప్రార్థన చేసినవాళ్ళని చిన్నబుచ్చినట్టు, ఇంకా చెప్పాలంటే దేవుణ్ణి నమ్మనట్టు. స్వస్థత పొందాను అని ముందు నోటితో ఒప్పుకోవాలి. ఒళ్ళు తరవాత దారికొస్తుంది. చాలామందికి వచ్చేది కూడా. తలనొప్పులు, నడుం నొప్పులు, రెండు రోజులుండి పోయే జ్వరాలు అలాగే పోయేవి. దీన్ని వెక్కిరించడానికి రాయడం లేదు. ఇప్పటికీ ఆదివారం గుడి మానను. అలా నమ్మి చెప్పినవాళ్ళ మీద నాకు గౌరవమే. నేను నమ్మి చెప్పలేదు, అదే తేడా.

అయ్యగారు చెయ్యి తీసి, "ఎలా ఉందమ్మా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపు చాప మీద రెండో వరసలోంచి ఆ బాగా పాడే అమ్మాయి, "తనకి బాగోకపోతే నేనొస్తానండి అయ్యగారూ, హార్మోనియం లేకపోయినా పాడేస్తాను" అంది. మంచి మనసుతోనే అని ఉంటుంది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"తగ్గిపోయిందండి అయ్యగారూ. ఇప్పుడే, మీరు చెయ్యి పెట్టగానే. ప్రభువు ముట్టాడండి" అన్నాను.

ఎనిమిది మందీ ఒక్కసారి స్తోత్రం అన్నారు. అమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. ఆదివారం గుడిలో నన్ను లేపి నిలబెట్టి, ప్రార్థనతో జ్వరం పోయిందని సాక్ష్యం చెప్పించారు. పొద్దున పూట కాబట్టి జ్వరం తక్కువగా ఉంది, బెంచీ పట్టుకుని నిలబడి చెప్పాను. కూర్చున్నాక తెలిసింది, ఇక నాకు జ్వరం రావడానికి వీల్లేదని. వచ్చినా అది ఎవరితోనూ చెప్పుకునేది కాదు.

సోమవారం పొద్దున్నే వ్యాను చుట్టూ సంఘమంతా చేరింది. ప్రయాణంలో కాపుదల కోసం ప్రార్థన చేస్తున్నారు. నేను వ్యాను తలుపు పట్టుకుని నిలబడ్డాను, భక్తితో కాదు, పడిపోతానని. వదిన పులిహోర టిఫిను నా చేతికిస్తూ నా వేళ్ళు పట్టుకుని, "ఒళ్ళు కాలిపోతోంది కదే" అంది నెమ్మదిగా.

"ఎండలో నిలబడ్డాను కదా వదినా."

పొద్దున్న ఏడున్నరకి ఎండేమిటని ఆవిడ అడగొచ్చు. అడగలేదు. ఇంకొక్క మాట అని ఉంటే నేను ఆగిపోయేదాన్నేమో. ముగ్గురు పిల్లలతో ఇరవై రోజులు ఒక్కత్తే పడాలన్న బెంగ ఉన్న మనిషి నన్ను ఆపితే, తన చాకిరీ కోసం ఆపినట్టు ఉంటుందని ఊరుకుందట. చాలా ఏళ్ళ తరవాత చెప్పింది. ఇద్దరం ఏడ్చాం.

అయ్యగారు ముందు డ్రైవరు బాబాయి పక్కన కూర్చున్నారు. వెనక నేనూ అమ్మగారూ ఎదురెదురు బల్లల మీద. బాబాయి బయటి నుంచి తలుపు వేశాడు. అప్పుడు చూశాను, ఆ తలుపుకి లోపలి వైపు పిడి లేదు. ఎప్పుడో ఊడిపోయిందట, ఎవరూ పెట్టించలేదు. లోపలున్నవాళ్ళు దిగాలంటే తలుపు కొట్టాలి, బాబాయి వచ్చి తియ్యాలి. కిటికీలు ఎత్తున, చెయ్యంత వెడల్పున ఉన్నాయి, అద్దాలు బిగించేసి ఉన్నాయి. అన్నయ్య ఇంట్లో కనీసం తలుపు గడియ లోపలి వైపు ఉండేది.

బందరు రోడ్డు మీద వ్యాను కదిలింది. ఇన్నాళ్ళూ ఊహించుకున్న ప్రయాణం అదే. కాలవ కనిపిస్తుందనుకున్నాను. చిన్న కిటికీలోంచి కరెంటు తీగలు, తాటి తలకాయలు తప్ప ఏమీ కనపడలేదు. లోపల కిరసనాయిలు వాసన, పులిహోర ఇంగువ వాసన, రేకు వేడెక్కిన వాసన. గతుకు వచ్చినప్పుడల్లా బల్ల నా వెన్ను మీద గుద్దేది. అమ్మగారు క్రోషియా అల్లుకుంటూ పోయినేటి కూటాల కబుర్లు చెబుతున్నారు. మాట మాటకీ నవ్వుతున్నారు. నేనూ నవ్వాల్సి వస్తోంది. నవ్వితే కణతలు పోటు పెట్టేవి.

కంకిపాడు దాటాక చలి మొదలైంది. పళ్ళు టకటకలాడకుండా దవడ బిగించుకుని కూర్చున్నాను. ఉయ్యూరు దగ్గరికొచ్చేసరికి రోడ్డంతా చెరుకు బళ్ళే. ఫ్యాక్టరీ ఆడుతున్న రోజులు. బళ్ళ వెనక బళ్ళు, మధ్యలో మా వ్యాను ఇరుక్కుని ఆగిపోయింది. ఫ్యాక్టరీ నుంచి మడ్డి వాసన వచ్చింది. బెల్లం మాడినట్టు ఉండే ఆ తియ్యటి వాసన ఊపిరి పీల్చిన ప్రతిసారీ గొంతులోకి దిగుతోంది. తలుపు కొట్టాను. బాబాయికి బళ్ళ ఎద్దుల గంటల్లో వినపడలేదు. రెండు చేతులతో దబదబ బాదాను. ఆయన వచ్చి తీసేసరికి సగం తలుపు మీదే వాంతయింది.

"వ్యాను పడలేదు పాపం. అలవాటు లేకపోతే అంతే" అన్నారు అమ్మగారు. నిమ్మకాయ ఇచ్చి వాసన చూడమన్నారు. అయ్యగారు ముందు నుంచి దిగి వచ్చి, "మొదటి రోజు అందరికీ ఇంతేనమ్మా" అన్నారు. అంత మంచివాళ్ళు. కోప్పడే మనుషులైతే నిజం చెప్పేసేదాన్ని. ప్రతి దానికీ వాళ్ళే ఒక కారణం వెతికి పెడుతుంటే నాకు నోరు తెరవడానికి సందు లేకపోయింది. నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని మళ్ళీ లోపలికెక్కాను.

మొదటి మజిలీ ఉయ్యూరు దాటాక ఒక చిన్న ఊరు. ఊరి చివర పేటలో గుడి ముందు వ్యాను ఆపాం. ఆ రోజు మధ్యాహ్నమంతా బల్ల మీద కళ్ళు మూసుకుని పడుకున్నాను. దీపాలు పెట్టే వేళకి కూటం మొదలైంది. చెరుకు కొట్టి వచ్చినవాళ్ళు స్నానాలు చేసి, పిల్లల్ని ఎత్తుకుని వచ్చి కూర్చున్నారు. హార్మోనియం మెట్లు రెండుగా కనిపిస్తున్నాయి. చేతికి అలవాటైన పాటలు కాబట్టి పాడేశాను.

అప్పుడు అయ్యగారు మైకులో, "మన మధ్య ఒక సాక్షి ఉంది. నాలుగు రోజుల క్రితం ఈ అమ్మాయి మంచం మీద ఉంది" అని నన్ను పిలిచారు.

రెండు ముక్కలు చెప్పి కూర్చుందామని లేచాను. జ్వరం నాలిక కట్లు విప్పేసింది. జీవితంలో నేను అంత బాగా మాట్లాడిన రోజు లేదు. ఒళ్ళు ఎలా కాలిందో, తల ఎలా పగిలిందో చెప్పాను. అవి చెప్పడానికి వెతుక్కోవాల్సిన పనే లేదు, ఆ నిమిషంలో పడుతున్నవే. "మందులకి లొంగలేదండి. డాక్టర్ల వల్ల కాలేదండి. ఒక్క ప్రార్థన. అంతే" అన్నాను. డాక్టరు దగ్గరికే వెళ్ళలేదు నేను. కాంపౌండరు మాత్రలు రెండు రోజులు వేసుకున్నాను, అంతే. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు. జనం స్తోత్రం అంటుంటే ఇంకా చెప్పాలనిపించింది. ముందు వరసలో ఒకావిడ బిడ్డని భుజాన వేసుకుని, నోరు కొద్దిగా తెరిచి, నా మొహం కేసే చూస్తోంది.

మర్నాడు పొద్దున్నే, మేము బయల్దేరబోతుండగా ఆవిడ వచ్చింది. పాతికేళ్ళుంటాయి. చెరుకు ఆకు కోసుకుని చేతుల నిండా గీతలు. భుజం మీద రెండేళ్ళ ఆడపిల్ల.

"వందనాలండీ అయ్యగారూ. పిల్లకి నాలుగు రోజులుగా జ్వరమండి, దగ్గండి. ఈ రోజు ఉయ్యూరు ఆస్పత్రికి తీసుకెళ్దామని మా బావగారి బండి మాట్లాడుకున్నానండి. రాత్రి అమ్మాయిగారి సాక్ష్యం విన్నాక బండి వద్దని చెప్పేశానండి. అమ్మాయిగారి చేత ఒక్కసారి పిల్ల మీద చెయ్యి పెట్టించండి" అంది.

పిల్ల జాకెట్టు గుండీ ఊడి ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంట పడుతోంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. డొక్కలెగరేయడం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. వదిన రెండో పిల్లకి ఏడాది వయసులో అలాగే వస్తే అన్నయ్య సైకిలు మీద ఆస్పత్రికి పరిగెత్తాడు. న్యుమోనియా అన్నారు, పది రోజులు ఉంచారు. అదంతా నా కళ్ళతో చూశాను. తెలియక చేశానని అనుకోవడానికి కూడా నాకు వీల్లేదు.

అయ్యగారు, "పెట్టమ్మా" అన్నారు. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు. పెట్టాను.

ఆవిడ ఉలిక్కిపడింది. నా మోచెయ్యి ఆవిడ మెడకి తగిలింది. కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. "అయ్యగారూ, అమ్మాయిగారి చెయ్యి సెగలు కక్కుతోందండి! నిప్పండి! శక్తి దిగుతోందండి!" అంది. పక్కనున్న ముసలమ్మ నా చెయ్యి పట్టుకు చూసి తనూ స్తోత్రం అంది. అందరూ అందుకున్నారు. ఆవిడ వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే అమ్మగారు ఆపారు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వ్యాను ఎక్కాను. బాబాయి బయటి నుంచి తలుపు వేశాడు.

పామర్రు వైపు వెళ్తున్నాం. అమ్మగారు ఆ రోజు క్రోషియా తీశారు గానీ అల్లడం లేదు. నేను బల్ల మీద కూర్చుని, చెబితే ఏమవుతుందో ఒక్కొక్కటీ అనుకుంటున్నాను. అయ్యగారి పరువు పోతుంది. గుడిలో నా మొహం ఎలా చూపించను. అన్నయ్యకి తల కొట్టేసినట్టవుతుంది. ఆ రెండో వరస అమ్మాయి నా చోట్లో కూర్చుంటుంది. ఇలా అనుకుంటుంటే మధ్యలో ఆ పిల్ల డొక్క గుర్తొచ్చేది. బండి వద్దని చెప్పేశానండి అన్న మాట గుర్తొచ్చేది. పిల్లకి తగ్గిపోవచ్చు కదా అని కూడా అనుకున్నాను. చిన్నపిల్ల, ప్రార్థన చేశాం కదా, తగ్గచ్చు. అలా అనుకున్న నిమిషంలో నా మీద నాకే అసహ్యం వేసింది. నా జ్వరం తగ్గలేదని తెలిసిన మనిషిని లోకంలో నేనొక్కదాన్నే.

లేచి, ముందు సీటుకీ మాకూ మధ్యనున్న రేకు గోడని పిడికిలితో కొట్టాను. ఇంజను మోతలో వినపడలేదు.

"ఏంటమ్మా, మళ్ళీ వాంతా?" అన్నారు అమ్మగారు.

"కాదండి. నాకు జ్వరం తగ్గలేదండి అమ్మగారూ. అసలెప్పుడూ తగ్గలేదు. ఒక్క పూట కూడా తగ్గలేదు."

ఆవిడ నా మెడ మీద చెయ్యి వేసి చూశారు. ఆశ్చర్యపోలేదు. "రాత్రి నీ పక్క బల్ల మీదే పడుకున్నాను కదా, నీ మూలుగు వినపడిందమ్మా" అన్నారు.

"మరి అడగలేదేంటండి?"

"అడిగితే నువ్వు ఉందంటావు. అప్పుడు నేను ఆయనతో చెప్పాలి. ఏమని చెప్పను?" ఆవిడ క్రోషియా పక్కన పడేసి, స్టీలు గ్లాసు తీసుకుని రేకు గోడ మీద టంగు టంగుమని బాదడం మొదలుపెట్టారు. వ్యాను ఆగేదాకా ఆపలేదు.

రోడ్డు పక్కన దిగి అయ్యగారితో చెప్పాను. ఆయన మొహంలో రక్తం లేదు. కోప్పడతారని చూశాను. ఆయన చేతిలో తువ్వాలు మడత పెడుతూ, విప్పుతూ, "జ్వరం తగ్గి మళ్ళీ వచ్చిందేమోనమ్మా. ఒకసారి ఆలోచించుకో" అన్నారు. అడగడం కాదు, బతిమాలడం అది. నేను ఔనంటే చాలు, ఆయన సాక్ష్యం నిలబడుతుంది.

"లేదండి అయ్యగారూ. చాప మీద చెప్పినప్పుడూ ఉంది. వ్యానెక్కాలని చెప్పాను."

ఆయన కాలవ వైపు తిరిగి నిలబడ్డారు. అమ్మగారు, "ముందు ఆ పిల్ల సంగతి చూడండి. మిగతావి తరవాత" అన్నారు. ఆవిడ ఆయనతో అంత గట్టిగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. అయ్యగారు తల ఊపి, "తిప్పవయ్యా" అన్నారు బాబాయితో.

తిప్పడం అంత తేలిగ్గా కాలేదు. సన్న రోడ్డు, ఒక పక్క కాలవ, ఇంకో పక్క చెరుకు బళ్ళు. అవన్నీ ఫ్యాక్టరీకి పోతున్న బళ్ళే, అంటే ఇప్పుడు మేము వెళ్ళాల్సిన వైపే. వాటి వెనక పడి ఎద్దుల నడకతో వెళ్ళాం. లోపల కూర్చున్న నాకు ఏమీ కనపడదు. ఆగితే ఎందుకాగిందో తెలీదు. పోనివ్వండి పోనివ్వండి అని బాబాయి అరవడం, హారను, ఎద్దుల గంటలు వినపడేవి. దిగి పరిగెత్తుదామంటే తలుపు తియ్యడానికి బయట మనిషి లేడు. కళ్ళు మూస్తే పిల్ల ఊపిరి వినపడేది. చచ్చిపోతే, చచ్చిపోతే అని ఒకటే మాట బుర్రలో తిరిగింది. ఆ గంటసేపు భయపడినట్టు నేను నా జీవితంలో మళ్ళీ భయపడలేదు, నా సొంత పిల్లల కోసం కూడా.

పేటలోకి వెళ్ళేసరికి ఆవిడ ఇంటి ముందు అరుగు మీద పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. రాత్రి నేను పాడిన పాటే నెమ్మదిగా పాడుతోంది. మమ్మల్ని చూసి లేచి నవ్వింది, మళ్ళీ ప్రార్థన చెయ్యడానికి వచ్చామనుకుని. వ్యాను చూసి ఇరుగుపొరుగు వాళ్ళూ వచ్చారు.

"అమ్మా, పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్దాం రా. నాకు తగ్గలేదు. రాత్రి నేను చెప్పింది అబద్ధం" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. "పొద్దున సెగ తగిలిందండి" అంది, నాకే గుర్తు చేస్తున్నట్టు.

"అది జ్వరమమ్మా."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. తన బుగ్గకి ఆనించుకుంది. తరవాత పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. మళ్ళీ నా చెయ్యి చూసింది. రెంటి వేడీ ఒకటే. నా చెయ్యి వదిలేసి లోపలికి వెళ్ళి ఒక దుప్పటి తెచ్చి పిల్లకి చుట్టి వ్యానెక్కింది. అయ్యగారు తల దించుకుని ముందుకెళ్ళి కూర్చున్నారు.

ఉయ్యూరులో డాక్టరుగారు పిల్లకి ఇంజక్షను ఇచ్చి, ఇక్కడ కాదు, వెంటనే బెజవాడ పెద్దాస్పత్రికి తీసుకెళ్ళమన్నారు. నన్ను చూసి, "ఈవిడని కూడా" అన్నారు. ఒక బల్ల మీద తల్లీ పిల్లా, ఇంకో బల్ల మీద నేను. అమ్మగారు కింద కూర్చుని ఒక చేత్తో పిల్లని, ఒక చేత్తో నన్ను పట్టుకున్నారు. దారి పొడుగునా నేను నా ఊపిరి ఆపి పిల్ల ఊపిరి వింటూ వచ్చాను. ఇరవై రోజుల ప్రయాణం రెండో రోజు మధ్యాహ్నానికల్లా బయల్దేరిన చోటికే వచ్చేసింది.

నాకు టైఫాయిడ్ అన్నారు. మూడు వారాలు వార్డులో ఉన్నాను. బార్లీ నీళ్ళు, బ్రెడ్డు, జుట్టు దువ్వితే చేతికొచ్చేది. అయ్యగారు రోజూ వచ్చి మంచం పక్కన నిలబడి ప్రార్థన చేసేవారు. ఎలా ఉందని మాత్రం అడిగేవారు కాదు. అమ్మాయికి జ్వరం తిరగబెట్టిందని సంఘంలో చెప్పారట. తిరగబెట్టింది అంటే అంతకుముందు తగ్గినట్టే కదా. నేను కాదనలేదు. నీరసంగా ఉందని సాకు చెప్పుకున్నాను, కానీ నీరసం పోయాక కూడా కాదనలేదు. మరుసటి వారం వ్యాను మళ్ళీ బయల్దేరింది, ఆ బాగా పాడే అమ్మాయితో.

పిల్ల బతికింది. పన్నెండో రోజున ఇంటికి పంపేశారు. వెళ్ళే ముందు తల్లి మా వార్డుకొచ్చింది. పిల్ల ఆవిడ చంకన కూర్చుని బిస్కట్టు నాకుతోంది. నా మంచం పక్కన నిలబడి ఎలా ఉన్నారని అడిగింది. బ్రెడ్డు తింటున్నారా అని అడిగింది. తిడుతుందని ఎదురుచూస్తూ, తిడితే బావుండునని కోరుకుంటూ పడుకున్నాను. వెళ్తానని రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చింది.

"ఒక్క మాట అడగనా అండి? నేను మిమ్మల్ని నమ్మి ఆగిపోయానండి. మరి మీరు ఎవర్ని నమ్మి అలా చెప్పారండి?"

ఆవిడ గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలనే అడిగింది. చెబితే తను అర్థం చేసుకోగలనని అనుకుంటోంది. ఏదో పెద్ద కారణం ఉండే ఉంటుందని, లేకపోతే చదువుకున్న మనిషి అలా చెప్పదని.

"ఎవర్నీ నమ్మి కాదమ్మా. వాళ్ళతో పాటు ఊళ్ళు తిరగాలని. జ్వరమంటే తీసుకెళ్ళరని" అన్నాను.

ఆవిడ పిల్లని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది.

"అంతేనా అండి?" అంది.

"అంతే" అన్నాను.